మా మరిది గడ్డానికి బోర్ బ్రష్

కోరుట్లలో నాకొక ఫ్యాన్సీ స్టోర్ ఉంది. గాజులు, బొట్టుబిళ్లలు, రిబ్బన్లు, దువ్వెనలు, సబ్బులు, పిల్లల బొమ్మలు, మగవాళ్ల రేజర్లు, అన్నీ ఉంటాయి. లేనివి కూడా ఉన్నాయనే చెబుతాను. గిరాకీ వచ్చి ఫలానాది ఉందా అని అడిగితే లేదన్న మాట నా నోట రాదు. సాయంత్రం రా, తీసి పెడత అంటాను. సాయంత్రంలోగా ఊరంతా గాలించి తెప్పిస్తాను. దీన్ని నేను గొప్ప గుణం అనుకుంటాను. మా చెల్లెలు సంధ్య మాత్రం రోగం అంటుంది. మొన్నటి ఎండాకాలం దాని మాటే నిజమని ఊళ్లో కొందరు ఒప్పుకున్నారు.

సంధ్యను కథలాపూర్ ఇచ్చాం. దాని భర్త శేఖర్ మస్కట్‌లో బిల్డింగుల దగ్గర షటరింగ్ పని చేస్తాడు. అతను విమానం ఎక్కేనాటికి సంధ్యకు ఆరో నెల. కూతురు పుట్టడం, బోర్లా పడడం, నడవడం, మాటలు నేర్వడం అన్నీ ఫోన్‌లోనే చూశాడు. పిల్ల పేరు మన్విత. శేఖర్ తల్లి సత్తవ్వత్త దాన్ని మన్ను అని పిలవడం మొదలుపెట్టింది. ఆడపిల్లను పట్టుకుని మట్టి పేరుతో పిలుస్తారా అని నేను పోట్లాట పెట్టుకున్నాను. కొన్నాళ్లకు నేనూ మన్ను అనే పిలుస్తున్నాను, ఏం చేస్తాం, నోటికి అలవాటైంది.

మస్కట్‌లో శేఖర్ గడ్డం పెంచాడు. పెంచాడంటే అదేదో స్టైల్ కోసం కాదు. ఎండలో పని చేసి, వంట చేసుకుని, బట్టలు ఉతుక్కుని పడుకునే మనిషికి అద్దం ముందు నిలబడే ఓపిక ఎక్కడిది? పెరిగింది, వదిలేశాడు. కానీ మన్నుకు తెలిసిన తండ్రి ఆ గడ్డమే. ఫోన్ మోగితే చాలు, "గడ్డం డాడి, గడ్డం డాడి" అని ఇల్లంతా ఉరికేది.

ఏప్రిల్‌లో శేఖర్ సెలవు మీద వచ్చాడు. ఆ రోజు నేను కూడా కొట్టు మూసి కథలాపూర్ వెళ్లాను. ఆటో ఇంటి ముందు ఆగిందో లేదో మన్ను అతన్ని గుర్తుపట్టేసింది. "గడ్డం డాడి!" అని అరుస్తూ కాళ్ల దగ్గరికి ఉరికింది. శేఖర్ సంచులు రోడ్డు మీదే పడేసి పిల్లను ఎత్తుకున్నాడు. రెండేళ్ల పైచిలుకు దాచుకున్న ముద్దులన్నీ ఒక్కసారే పెట్టబోయాడు. మొదటి ముద్దుకే మన్ను కెవ్వుమని ఏడ్చింది. మస్కట్ ఉప్పునీళ్లకు ఆ వెంట్రుకలు చీపురు పుల్లల్లా బిరుసెక్కి ఉన్నాయి. పిల్ల బుగ్గ ఎర్రగా కందిపోయింది. అప్పుడు అతని చేతుల్లోంచి జారి అమ్మ కొంగు వెనక దూరిన పిల్ల మళ్లీ అతని దగ్గరికి రాలేదు.

చేతికి అందేంత దూరంలోకి అస్సలు రాదు. మరి తండ్రి మీద ప్రేమ లేదా అంటే బోలెడుంది. ఫోన్‌లో అయితే పాత మాటే. శేఖర్ బయట అరుగు మీద కూర్చుని లోపల మంచం మీదున్న కూతురికి వీడియో కాల్ చేసేవాడు. మధ్యలో ఒక్క గోడ.

"డాడీ, బువ్వ తిన్నవా?" అని అది అడిగేది.

"తిన్న బిడ్డ. నువ్వు తిన్నవా?" అని అతను అనేవాడు.

ఇద్దరి మాటలు ఫోన్‌లో ఒకసారి, గోడ మీంచి ఒకసారి వినపడేవి. అతను ఆశపడి గుమ్మంలోంచి తొంగి చూస్తే మాత్రం అది ఫోన్ పడేసి పరిగెత్తేది. చూసేవాళ్లం నవ్వేవాళ్లం.

"గా గడ్డం గీకిచ్చుకోరా అంటె ఇనడు," అని సత్తవ్వత్త రోజూ సతాయించేది. "మొఖం మీద గడ్డివాము పెట్టుకోని పిల్లనెట్ల ఎత్తుకుంటవురా?"

"అది నన్ను గుర్తువట్టిందే గడ్డంతోని, అమ్మా. తీసేస్తె నేనెవరో దానికి ఎర్కనే ఉండది," అనేవాడు శేఖర్.

అతని భయం ఉత్తది కాదు. సంధ్య తన పెళ్లి ఫోటో తీసి "గిదెవరు?" అని అడిగితే మన్ను "అమ్మ" అంది. "మరి పక్కన?" అంటే నున్నటి మొహంతో నిలబడ్డ తండ్రిని కాసేపు పరీక్షగా చూసి "అంకుల్" అని తేల్చేసింది. ఇంకోసారి శేఖర్ గడ్డం కనపడకుండా మూతికి టవల్ చుట్టుకుని వస్తే "దొంగ, దొంగ" అని వాడకట్టు అంతా వినేలా అరిచింది. గడ్డం ఉంటే దగ్గరికి రాదు, గడ్డం లేకుంటే తండ్రే కాదు. మధ్యలో సెలవు కరిగిపోతోంది.

ఇక మిగిలింది ఒకటే దారి, ఆ గడ్డాన్ని మెత్తబరచడం. శేఖర్ ఒక పొద్దున నా కొట్టుకు వచ్చాడు.

"వదినా, గడ్డం మెత్తగయ్యేటి బ్రష్ ఏమన్న ఉన్నదా?"

"ఎందుకుండది?" అన్నాను. నిజానికి మగవాళ్ల గడ్డానికి వేరే బ్రష్ ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు. కానీ మన గుణం మనది కదా. వంకాయ రంగు బ్రష్ ఒకటి తీసి ఇచ్చాను. నైలాన్ పళ్లు, ప్రతి పంటికి చివర చిన్న గుండు. ఆడపిల్లలు జడ వేసుకునే ముందు చిక్కు తీసుకునే బ్రష్ అది. "దుబాయ్ మోడల్ మరిదీ, పొద్దుమాపు దువ్వు," అని కూడా చెప్పాను. మస్కట్ నుంచి వచ్చినవాడికి దుబాయ్ మోడల్ అమ్మినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటా.

పాపం నమ్మి దువ్వాడు. దువ్విన కొద్దీ వెంట్రుకలు ఒకదాన్నొకటి చూసి కోపమొచ్చినట్టు విడివిడిగా లేచి నిలబడ్డాయి. అప్పటిదాకా కిందికి వేలాడిన గడ్డం నాలుగు దిక్కులకూ విచ్చుకుంది. మన్ను దూరం ఇంకో రెండడుగులు పెంచింది. సంధ్య ఫోన్ చేసి, "అక్కా, మీ మరిది మొఖం చూసి కుక్క గూడ మొరుగుతున్నది," అంది. "ఎండలకు గట్లనే ఉంటది," అని పెట్టేశాను.

దాంతో శేఖర్ జగిత్యాల వెళ్లాడు. అక్కడ మనోహర్ అని అతనితో చదువుకున్నవాడు పెద్ద ఏసీ సెలూన్ పెట్టాడు. మనోహర్ గడ్డాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అసలు సంగతి చెప్పాడట.

"నైలాన్ది పెడితె కరెంట్ పుట్టి వెంట్రుకలు లేస్తయి. నీకు బోర్ బ్రష్ కావాలె. రెండు సుక్కలు కొబ్బరినూనె రాసి కుదుళ్ల దాక పోనియ్యి. మొదట్ల గరుకు గరుకు అనిపిస్తది, భయపడకు. అలవాటయినంక పట్టు లెక్క అయితది."

తన దగ్గర ఉన్నవి అయిపోయాయని కూడా చెప్పాడు. జగిత్యాల బస్టాండులోంచి శేఖర్ నాకు ఫోన్ చేశాడు. వెనకాల బస్సుల హారన్లు, మామిడిపళ్ల వాళ్ల అరుపులు.

"వదినా, బోర్ బ్రష్ ఉన్నదా నీ దగ్గర?"

"ఉంటది. మాపటికల్లా పంపుత," అన్నాను.

ఇక్కడ నా తప్పేమిటో మీరే చెప్పండి. మా దిక్కు బోర్ అంటే ఒకటే అర్థం. నీళ్ల కోసం వేసేది బోరు, ఎండిపోయేది బోరు, మోటరు కాలిపోయేది బోరు. ఇక్కడ పుట్టిన మనిషికి నిద్రలో లేపి బోర్ అని చెప్పినా పైపులే గుర్తొస్తాయి. పైగా అదే వారం సంధ్య వాళ్లింటి బోరులో తుప్పునీళ్లు వస్తున్నాయని సత్తవ్వత్త గోల పెట్టింది. మరిది ఆ పైపు తోమడానికి అడిగాడని నాకు ఇట్టే అర్థమైపోయింది. గడ్డం సంగతి నా బుర్రలో లేనే లేదు.

మా కొట్టుకు ఎదురుగానే గంగాప్రసాద్ అన్న మోటర్లు, పైపులు అమ్ముతాడు.

"అన్నా, బోర్ బ్రష్ ఉన్నదా?" అని రోడ్డు ఇవతలి నుంచే అడిగాను.

"ఎంత పైపుకు?"

"నాకేం ఎరుక? ఇంటి బోరే."

అతను ఇనప తీగలతో చేసిన గుండ్రటి బ్రష్ ఇచ్చాడు. చేత్తో పట్టుకుంటేనే అరచేయి మండింది. మంచి సరుకు అనుకున్నాను. వార్తాపేపరు కనపడక కొట్లో ఉన్న గులాబీ రంగు గిఫ్ట్ కాగితంలో చుట్టి, రిబ్బన్ కట్టి, కథలాపూర్ వెళ్లే ఆటోలో పంపించాను.

మర్నాడు పొద్దున్నే సంధ్య ఫోన్. హలో కూడా అనలేదు.

"అక్కా, మీ మరిదిది గడ్డమా, పైపా?"

విషయం అప్పుడు తెలిసింది. శేఖర్ ఆ బ్రష్‌కు కొబ్బరినూనె రాసి మరీ గడ్డంలోకి పోనిచ్చాడట. దవడ మీద గీతలు పడ్డాయి, కొన్ని వెంట్రుకలు తీగల్లో ఇరుక్కుని ఊడొచ్చాయి. ఫోన్ అతనికి ఇమ్మన్నాను.

"చేతికి తగిలినప్పుడన్న తెల్వలేదా శేఖర్?" అన్నాను, తప్పు నాదైనా గొంతు మాత్రం నాదే పైన.

"తెలిసింది వదినా. కని మొదట్ల గరుకుంటది, భయపడకు అని మనోహర్ చెప్పిండు. నువ్వేమో గులాబి కాగితంల చుట్టి, రిబ్బన్ కట్టి పంపితివి. గంత మంచిగ పంపినంక నేనేమనుకోవాలె?"

వెనక నుంచి మన్ను గొంతు వినపడింది. "డాడికి ఉవ్వ అయింది," అని అందరికీ చెబుతోంది. దూరం నుంచే చెబుతోంది లెండి.

ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి నేను సిరిసిల్ల బయల్దేరాను. నా కొట్టుకు టవళ్లు, లుంగీలు, లంగా గుడ్డలు అక్కడి నుంచే తెచ్చుకుంటాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు చూపించి కిటికీ పక్క సీట్లో కూర్చుంటే రుద్రంగి, వేములవాడ దాటించి బస్సు సిరిసిల్లలో దింపుతుంది. సరుకు కట్టించాక మగవాళ్ల కోసమే పెట్టిన కొత్త షాపు ఒకటి కనపడింది. నూనెలు, సెంట్లు, మీసాల మైనం, అన్నీ నల్ల డబ్బాల్లో. బోర్ బ్రష్ అని అడిగితే కొట్టాయన కొబ్బరిచిప్పంత చెక్క బ్రష్ తీసి చేతిలో పెట్టాడు. పొట్టి నల్లటి వెంట్రుకలు, దట్టంగా ఉన్నాయి.

"దీన్ని బోర్ అని ఎందుకంటరు?" అన్నాను.

"బోర్ అంటె అడివి పంది, అక్కా. దాని వెంట్రుకలు గివి. మన వెంట్రుక లెక్కనే ఉంటయి కాబట్టి నూనెను కుదురు నుంచి కొస దాక తీస్కపోతయి."

ఇంగ్లీషులో పందిని బోర్ అంటారని మాకెలా తెలుస్తుందని, అలాంటి పేరు మా ప్రాంతానికి తెచ్చేముందు మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉండాల్సిందని ఆయనతో వాదించాను. ఆయన నవ్వి ఒక నూనె సీసా కూడా అమ్మాడు. అమ్మడంలో నాకంటే గట్టివాడే.

తిరుగు బస్సులో కథలాపూర్‌లో దిగి ఆ బ్రష్ ఇచ్చి, పంది వెంట్రుకల సంగతి చెప్పేసరికి సత్తవ్వత్త అందుకుంది. వాళ్లు కౌలుకు వేసిన మక్కచేనును ఏటా పందులు మేసిపోతాయి. ఆమె రాత్రుళ్లు డబ్బాలు మోగించి వాటితో యుద్ధం చేసిన మనిషి.

"చేనంత తొక్కి నాశనం చేసిన జాతి గది. గిప్పుడు నా కొడుకు మూతి మీదికి గూడ అచ్చిందా?" అని బ్రష్‌ను దూరంగా పెట్టుకుని చూసింది. తరువాత అరచేతికి రాసి చూసి, "పోనియ్యి, గిన్నేండ్లకు పందితోని మనకో పనైంది," అని కొడుకు చేతికి ఇచ్చింది.

బ్రష్ అంటే అదీ. వారం తిరక్కుండా శేఖర్ గడ్డం అణిగి, నిగనిగలాడుతూ, చెప్పినచోట పడుకుంది. అద్దంలో చూసుకుని తనే మురిశాడు. సంధ్య అతన్ని రెండుసార్లు తేరిపార చూసి, చుడుతున్న బీడీల చాట పక్కన పెట్టి, లోపలికి వెళ్లి మంచి చీర కట్టుకుని వచ్చింది. నేను చూడలేదనుకుంది. అన్నీ కుదిరాయి, కావలసింది తప్ప. మన్ను ఎంతో బతిమాలితే ఒక్క వేలు చాపి, గడ్డం కొసను ముట్టుకుని, వెంటనే లాక్కుంది.

"గుచ్చుతది," అంది.

పెద్దవాళ్లకు పట్టులా ఉన్నది రెండేళ్ల పిల్ల చర్మానికి పట్టు కాదు. దానిదేం తప్పు?

సెలవు చివరి వారంలో ముగ్గురూ కోరుట్ల వచ్చారు. సంధ్య చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పడానికి వెళ్లింది, మన్నును నా దగ్గర కూర్చోబెట్టింది. శేఖర్ కొట్టు లోపలికి రాలేదు. వస్తే పిల్ల ఏడుస్తుందని గడప అవతల, ఎండలో, చెప్పుల దగ్గర నిలబడ్డాడు. నేను లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కసారి ఎత్తుకోవాలె, వదినా," అన్నాడు మెల్లగా. "మల్ల రెండేండ్లకు అచ్చేసరికి అది ఎత్తుకునే పిల్ల గాదు. బడికి పోయేటి పిల్ల అయితది. గప్పుడు నేను ఎత్తుకుంటనంటె సిగ్గుపడతది."

నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే ముందు కోపమొస్తుంది. బ్రష్‌ల సొరుగు మొత్తం లాగి మన్ను ముందు చాప మీద గుమ్మరించాను.

"ఇగ నువ్వే చూస్కోవే! ఎవల బుగ్గకు గుచ్చుకుంటదో వాళ్లే ఎంచుకోవాలె. మేము ఎంచి ఎంచి సచ్చినం!"

మన్నుకు నా కోపం అక్కర్లేదు, బ్రష్‌లు కావాలి. ఒక్కొక్కటీ తీసి, బుగ్గకు ఆనించుకుని, తీర్పు చెప్పడం మొదలుపెట్టింది. వంకాయ రంగుది "గుచ్చుతది". బట్టలు తోమేది "గుచ్చుతది". పాలసీసా కడిగేదానికి కాసేపు ఆలోచించి "కొంచెం గుచ్చుతది" అంది. బూట్ల బ్రష్ మాత్రం నేనే లాక్కున్నాను. తరువాత దాని చేతికి ఒక పొట్టి బ్రష్ దొరికింది. తెల్లటి పిడి, కొసన పూవులా విచ్చుకున్న వెంట్రుకలు. మగవాళ్లు గడ్డం గీసుకునేటప్పుడు సబ్బు నురగ పట్టించుకునే బ్రష్. ఇప్పుడంతా ట్యూబులు వచ్చి ఎవరూ కొనక దుమ్ము పట్టి పడుంది.

బుగ్గకు ఆనించుకుంది. ఆగింది. రెండో బుగ్గకు ఆనించుకుంది. కళ్లు మూసుకుని ముక్కు మీద, నుదుటి మీద, మెడ కింద తిప్పుకుని కిలకిలా నవ్వింది.

"పెద్దమ్మా, మెత్తగ!"

"డాడికి పెడతవా?" అన్నాను.

మన్ను గడప వైపు చూసింది. "శేఖర్, కూసో. చేతులు ఎనక్కి పెట్టుకో. తియ్యకు," అని గట్టిగా చెప్పాను. అతను చెప్పుల మధ్యే గొంతుక్కూర్చుని చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మన్ను ఒళ్లంతా వెనక్కి వంచి, చెయ్యి ఎంత సాగితే అంత సాచి, ఆ బ్రష్‌తో గడ్డం మీద ఒక్క గీత గీసింది. అతను కదల్లేదు. ఇంకో అడుగు ముందుకు వేసి మళ్లీ గీసింది.

శేఖర్ నా వైపు చూశాడు. అతని ఆలోచన నాకు అప్పుడే తట్టింది.

"వదినా, కత్తెర, సబ్బు, రేజర్ ఇయ్యి. గిన్ని నీళ్లు," అన్నాడు.

"గీకుతవా? మరి గుర్తువట్టకపోతె?"

"అదే గీకిపిస్తది. దాని కండ్ల ముంగటనే పోతది గదా," అన్నాడు.

అద్దం తెచ్చి గాజుల బల్లకు ఆనించాను. ముందు కత్తెరతో ఒక కుచ్చు కత్తిరించి మన్నుకు చూపించాడు. అది నవ్వి "ఇంకోటి" అంది. ఇంకోటి. ఇంకోటి. గడ్డం కురచయ్యాక సబ్బు తడిపి ఇస్తే మన్ను నురగ పట్టించింది. గడ్డానికి, ముక్కుకు, చెవులకు, చొక్కాకు, గడపకు. ఆ సమయానికే గాజుల కోసం ఒకావిడ వచ్చింది. గుమ్మంలో నురగ పూసుకుని కూర్చున్న మగవాణ్ని చూసి వెనక్కి తగ్గింది. "కూసో అక్కా, జర ఆగు, గిది అయిపోనియ్యి," అని స్టూలు వేశాను. గిరాకీని ఆగమనడం నా జీవితంలో అదే మొదలు.

శేఖర్ ఒక పక్కంతా గీశాడు. అప్పుడు మన్ను చెయ్యి ఆగిపోయింది. ఒక పక్క నున్నటి చెంప, ఇంకో పక్క నురగతో గడ్డం. నవ్వు పోయి కనుబొమలు ముడిపడ్డాయి. అటు చూసింది, ఇటు చూసింది.

"డాడి ఏడి?" అంది.

తప్పు చేశామనే అనుకున్నాను. అతను గడ్డం ఉన్న చెంపను పిల్ల వైపు తిప్పి, "గిక్కడ ఉన్న," అన్నాడు. తరువాత గీసిన చెంపను తిప్పి, "గిక్కడ గూడ ఉన్న బిడ్డ," అన్నాడు. గొంతు ఫోన్‌లో రోజూ వినే గొంతే. మన్ను వంగి అతని కళ్లలోకి చాలాసేపు చూసింది. చూసి చూసి, బ్రష్‌ను మళ్లీ సబ్బులో ముంచి, గీసిన పక్క కూడా పూర్తిగా నురగ పూసింది. దాని లెక్కలో ఆ చెంప కూడా డాడీదే.

మొత్తం అయిపోయాక తడి టవల్‌తో తుడుచుకున్నాడు. మన్ను ఇందాక బ్రష్‌లను పరీక్షించినట్టే తన బుగ్గ తెచ్చి అతని చెంపకు ఆనించింది. తీసింది. రెండో పక్క ఆనించింది.

"మెత్తగ," అని చెప్పి, ఎవరూ రమ్మనకుండానే వచ్చి అతని ఒళ్లో కూర్చుంది.

శేఖర్ చేతులు మళ్లీ వెనక్కే వెళ్లిపోయి ఉన్నాయి. కదిలితే పిల్ల లేచిపోతుందేమోనని బిగుసుకుపోయి నా వైపు చూశాడు.

"వదినా, చేతులు ముంగటికి పెట్టుకోవచ్చా?"

"పెట్టుకో అయ్యా, పెట్టుకో," అన్నాను, అని బల్ల వెనక్కి వెళ్లి బాగా ఏడ్చాను. గాజుల కోసం వచ్చినావిడకు మా కథ ఏమీ తెలీదు, ఆమె కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంది. బీడీలు అప్పజెప్పి తిరిగొచ్చిన సంధ్య నున్నటి మొగుణ్ని, అతని మెడ పట్టుకుని వేలాడుతున్న కూతుర్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తరువాత నా మీద కేకలేసింది, నేల నిండా వెంట్రుకలు, నురగ అని.

ఇక ఆ మిగిలిన రోజులు శేఖర్‌కు పెద్ద పనే అయింది. గీసిన గడ్డం మర్నాటికి మొలుస్తుంది కదా, మొలిస్తే ముందటికన్నా ఎక్కువ గుచ్చుతుంది. పొద్దున కళ్లు తెరవగానే మన్ను బ్రష్ పట్టుకుని మంచం దగ్గర తయారు. "లే డాడీ, సబ్బు పెడత," అని చెవిలో అరిచేది. చెంపలు మండుతున్నా అతను ఒక్కరోజు మానలేదు. గీసుకున్నాక దాన్ని భుజం మీద ఎక్కించుకుని కథలాపూర్ అంతా తిరిగాడు. సత్తవ్వత్త మాత్రం, "నేను మొదలే చెప్పిన గదా," అని కనపడిన ప్రతివాళ్లకూ చెప్పుకుంది.

తరువాత శేఖర్ వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు మన్ను అతని మెడ వదల్లేదు, విడదీయడానికి నేనూ సంధ్యా ఇద్దరం పట్టాల్సి వచ్చింది. ఆ సంగతి ఇంతకన్నా చెప్పలేను.

కొన్నాళ్లకు సంధ్య మొహం మాడ్చుకుని నా కొట్టుకు వచ్చింది. చంకలో మన్ను, చేతిలో చచ్చిపోయిన ఫోన్.

"నీ ప్రేమ తగలబడ. బ్రష్ ఇచ్చినవు, దీనికి అలవాటు చేసినవు," అని ఫోన్ నా ముందు పెట్టింది.

శేఖర్ మస్కట్‌లో పొద్దున లేచి, ఫోన్ అద్దానికి ఆనించి, కాల్ చేసి గీసుకుంటాడట. అక్కడ అతను నురగ పూసుకుంటుంటే ఇక్కడ ఇది ఊరుకుంటుందా? బ్రష్ సబ్బులో ముంచి, తెర మీది తండ్రి మొహానికి శుభ్రంగా పట్టించింది. సంధ్య పొయ్యి దగ్గర ఉంది, చూసుకోలేదు. ఫోన్ కాసేపు బుడగలు వదిలి ఆరిపోయింది. అప్పటి నుంచి సత్తవ్వత్త డబ్బా ఫోన్‌లో మాటలే, బొమ్మ లేదు.

పక్కనే ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. అతను విప్పి, ఆరబెట్టి, సాయంత్రానికి పనిచేయించి ఇచ్చాడు. వెంటనే సంధ్య నా కొట్లోంచే మస్కట్‌కు వీడియో కాల్ కలిపింది. తెర మీద శేఖర్ కనపడగానే నేను ఫోన్ లాక్కున్నాను. చెంపల నిండా నల్లగా గడ్డం మొలిచి ఉంది.

"ఏందయ్యా, మల్ల పెంచుతున్నవా?" అన్నాను.

"లేదు వదినా. ఫోన్ ఖరాబైంది గదా."

"ఫోన్‌కు, గడ్డానికి ఏం సంబంధం?"

"సబ్బు పెట్టేటామె రాలేదు గదా, ఎట్ల గీకుకుంట?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఫోర్‌మన్ తిడుతున్నాడట, అయినా గీసుకోలేదట.

మన్ను నా చీర పట్టుకుని పైకి ఎగబాకి తెరలోకి చూసింది. మొహం చిట్లించింది.

"డాడీ, గుచ్చుతది! ఉండు, సబ్బు తెస్త," అని బ్రష్‌ల సొరుగు వైపు ఉరికింది. సంధ్య కంగారుగా ఫోన్ గుంజుకుని పైకి ఎత్తి పట్టుకుంది.

"దించే, సంధ్యా," అన్నాను. "ఫోన్ పోతె పోయింది. పెట్టనియ్యి."